అడిగినదానికీ కట్టినదానికీ మధ్య: సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల్లో రిక్వైర్‌మెంట్ల జాడ

సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలో చెప్పే ఒక్కో వాక్యాన్ని ఆ రంగంలో రిక్వైర్‌మెంట్ అంటారు. ఆ వాక్యం ఎవరి అవసరం వల్ల పుట్టింది, డిజైన్‌లో ఏ భాగమైంది, కోడ్‌లో ఎక్కడ ఉంది, ఏ టెస్టుతో సరిచూశారు అనే సంగతులను ముందుకూ వెనక్కూ పట్టుకోగలగడం ట్రేసబిలిటీ. అడిగేవారూ కట్టేవారూ ఒకే కప్పు కింద ఉంటే ఈ పని చాలావరకు మనుషుల జ్ఞాపకంతో గడిచిపోతుంది. అడిగేది ఒక సంస్థ, కట్టేది మరో సంస్థ అయితే జ్ఞాపకం చాలదు, రాత కావాలి. ఆ రాతకు దాదాపు డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. అంటే అవుట్‌సోర్సింగ్ అనే పేరు ప్రచారంలోకి రాకముందే అది మొదలైంది. ఆ చరిత్ర పొడుగునా ఒకే చిక్కు ఎదురవుతుంది. రిక్వైర్‌మెంట్ నంబరు ఒప్పందపు హద్దును సులువుగా దాటుతుంది. ఆ రిక్వైర్‌మెంట్ ఎందుకు పుట్టిందన్న సంగతి మాత్రం చాలాసార్లు హద్దుకు అవతలే ఆగిపోతుంది.

తొలి పెద్ద ఉదాహరణ అమెరికా వాయుసేన 1950లలో నిర్మించిన సేజ్ గగనతల రక్షణ వ్యవస్థ. దాని రూపకల్పన మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. లింకన్ ల్యాబొరేటరీలో జరిగింది. కంప్యూటర్లను ఐ.బి.ఎం. తయారుచేసింది. ప్రోగ్రాములు రాసే పని ర్యాండ్ కార్పొరేషన్‌లోని ఒక విభాగానికి వెళ్ళింది. 1957లో ఆ విభాగమే సిస్టమ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే విడి సంస్థ అయింది. ఇలా పని నాలుగు చేతుల మీదుగా నడవడంతో ప్రోగ్రామర్‌కు పని చెప్పాలంటే ముందు దాన్ని కాగితం మీద పెట్టక తప్పలేదు. లింకన్ ల్యాబ్‌లో పనిచేసిన హెర్బర్ట్ బెనింగ్టన్ 1956లో సమర్పించిన పత్రం ఈ పద్ధతిని వివరించింది. వ్యవస్థ ఎలా పనిచెయ్యాలో చెప్పే ప్రణాళిక ముందు వస్తుంది, దాని నుంచి స్పెసిఫికేషన్లు, వాటి నుంచి కోడ్, ఆ తర్వాత అంచెలంచెలుగా పరీక్షలు. ఒక పత్రం నుంచి ఇంకో పత్రానికి దారి వెతుక్కోవలసిన అవసరం అక్కడే మొదలైంది.

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సు జరిగింది. పెద్ద ప్రాజెక్టులు గడువు దాటిపోవడం, బడ్జెట్ మించిపోవడం, అడిగిన పని చెయ్యకపోవడం అక్కడి చర్చల్లో ప్రధానాంశాలు. తయారైన వ్యవస్థలో దాని రూపకల్పన జరిగిన తీరు తాలూకు ఆనవాళ్ళు కనిపించాలని బ్రయాన్ రాండెల్ ఆ సదస్సులో వాదించాడు. ట్రేసబిలిటీ అన్న ఆలోచనకు తొలి ప్రస్తావనల్లో ఇదొకటని పరిశోధకులు చెబుతారు.

ఆలోచన పనిముట్టుగా మారింది క్షిపణి రక్షణ రంగంలో. అమెరికా సైన్యం కోసం టి.ఆర్.డబ్ల్యు. సంస్థ 1970లలో అలబామాలోని హంట్స్‌విల్‌లో శ్రెమ్ అనే పద్ధతిని రూపొందించింది. మాక్ ఆల్ఫర్డ్ 1977లో దాన్ని ప్రచురించాడు. అందులో రిక్వైర్‌మెంట్లను మామూలు ఇంగ్లీషులో వదిలేయకుండా ఒక ప్రత్యేక భాషలో రాసి కంప్యూటర్‌కు ఎక్కించేవారు. సైన్యం ఇచ్చిన మూల పత్రంలోని వాక్యానికి ఒక చోటు, దాన్నుంచి తీసిన సాంకేతిక వివరాలకు ఇంకో చోటు, ఈ రెంటినీ కలిపే లంకె, ఇవన్నీ ఆ భాషలోనే ఉండేవి. మధ్యలో తీసుకున్న నిర్ణయాలకు కూడా ఒక చోటు ఉండేది: సమస్య ఏమిటి, ఏ ప్రత్యామ్నాయాలు చూశారు, దేన్ని ఎంచుకున్నారు అన్నది అక్కడ నమోదు చెయ్యవచ్చు. కారణాన్ని రిక్వైర్‌మెంట్‌తో పాటే నడిపించాలన్న పట్టుదల అంత తొలినాళ్ళలోనే ఉందన్నది గమనించాలి. ఆ తర్వాత వచ్చిన సాధనాల్లో చాలావరకు లంకెను నిలబెట్టుకున్నాయి, నిర్ణయానికి మాత్రం అంత చోటివ్వలేదు.

1980లలో ట్రేసబిలిటీ కాంట్రాక్టు షరతుగా మారింది. 1984లో వచ్చిన ఐ.ఇ.ఇ.ఇ. 830 ప్రమాణం మంచి రిక్వైర్‌మెంట్ పత్రానికి ఉండవలసిన లక్షణాల్లో దీన్నీ చేర్చింది. అదే ఏడాది లాక్‌హీడ్ సంస్థ ఇంజనీర్లు తాము కట్టుకున్న ఆర్ట్స్ అనే స్వయంచాలక సాధనం గురించి ప్రచురించారు. అమెరికా రక్షణ శాఖ 1985లో 2167 ప్రమాణాన్ని, 1988లో దాని సవరణ 2167ఎ ను తెచ్చింది. రక్షణ కాంట్రాక్టులు సాధారణంగా అంచెలుగా నడుస్తాయి. ప్రభుత్వం ప్రధాన కాంట్రాక్టర్‌కు ఇస్తుంది, అతను ఉప కాంట్రాక్టర్లకు పంచుతాడు, వాళ్ళు మరో అంచె కిందికి దించుతారు. కింది అంచెలో రాసిన ప్రతి మాడ్యూలూ పై అంచెలోని ఏ వాక్యానికి జవాబో చూపించమని ఈ ప్రమాణాలు అడిగాయి. 1994లో వచ్చిన మిల్ స్టాండర్డ్ 498 ప్రతి రిక్వైర్‌మెంట్‌కూ ప్రాజెక్టులో మరెక్కడా రాని గుర్తింపు సంఖ్య ఉండాలని నిర్దేశించింది. విమాన సాఫ్ట్‌వేర్‌కు 1992లో వచ్చిన డి.ఓ. 178బి కూడా ఇదే దారి పట్టింది. రాసింది ఎవరైనా, ఏ దేశంలో రాసినా, ధ్రువీకరణ కోరే సంస్థే ఆ లంకెలను చూపించాలి.

సంఖ్యలు వేలకు చేరాక కాగితపు పట్టికలతో పని నడవలేదు. ఐరోపా అంతరిక్ష సంస్థలో పనిచేసిన రిచర్డ్ స్టీవెన్స్ ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా స్థాపించిన క్యు.ఎస్.ఎస్. సంస్థ 1990ల మొదట్లో డోర్స్ అనే సాధనాన్ని బజారులోకి తెచ్చింది. ప్రతి వాక్యం ఒక వస్తువు, ప్రతి లంకె ఒక బాణం. ఒక వాక్యం మారితే దాని మీద ఆధారపడినవన్నీ అనుమానాస్పదంగా మెరుస్తాయి. విమానయానం, రక్షణ, రైల్వే, మోటారు పరిశ్రమలు దీన్ని విస్తారంగా వాడాయి. 2000లో స్వీడన్‌కు చెందిన టెలిలాజిక్, 2008లో ఐ.బి.ఎం. దీన్ని సొంతం చేసుకున్నాయి.

సాధనాలు అమ్ముడుపోతున్నా ఫిర్యాదులు తగ్గలేదు. ఎందుకో తేల్చడానికి లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి చెందిన ఓర్లెనా గోటెల్, ఆంథొనీ ఫింకెల్‌స్టీన్ వందమందికి పైగా పనివారిని విచారించి 1994లో ఫలితాలు ప్రచురించారు. ట్రేసబిలిటీని వాళ్ళు రెండుగా విడగొట్టారు. రిక్వైర్‌మెంట్ పత్రం తయారైన తర్వాత అది కోడ్ వరకు సాగే ప్రయాణం ఒకటి. పత్రంలోకి చేరకముందు ఆ వాక్యం ఎవరి నోట, ఏ చర్చలో, ఏ రాజీలో పుట్టిందన్నది రెండోది. అమ్ముడుపోతున్న సాధనాలన్నీ మొదటిదానికే సాయపడుతున్నాయని, బాధలు మాత్రం ఎక్కువగా రెండోదాన్నుంచే వస్తున్నాయని వాళ్ళు చూపించారు. ఈ రంగంలో ఇంత సూటిగా రోగాన్ని పట్టిన వ్యాసం మరొకటి దొరకడం కష్టం. రెండేళ్ళు తిరిగేసరికి దానికి సాక్ష్యం ఆకాశంలో దొరికింది.

1996 జూన్ 4న ఐరోపాకు చెందిన ఏరియాన్ 5 రాకెట్ ఫ్రెంచ్ గయానా నుంచి తొలిసారి ఎగిరింది. ప్రయోగ క్రమం మొదలైన 40 సెకన్లకు, సుమారు 3,700 మీటర్ల ఎత్తులో దారి తప్పి విచ్ఛిన్నమై పేలిపోయింది. జాక్ లూయీ లయన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ మండలి జులై 19న నివేదిక ఇచ్చింది. రాకెట్ వంపునూ కదలికనూ కొలిచే జడత్వ వ్యవస్థను ఏరియాన్ 4 నుంచి దాదాపు యథాతథంగా తెచ్చుకున్నారు. రాకెట్ పైకి లేవకముందు మాత్రమే అర్థమున్న ఒక లెక్క అందులో ఉంది. అది ఎగిరిన తర్వాత కూడా సుమారు 40 సెకన్లు నడుస్తూ ఉంటుంది. దానికి పాత కారణం ఒకటుంది. కౌంట్‌డౌన్ చివరి క్షణాల్లో ఆగిపోతే మొత్తం వ్యవస్థను మొదటి నుంచి సర్దుకోకుండా త్వరగా తిరిగి మొదలుపెట్టవచ్చు. 1989లో ఒక ప్రయోగంలో అది ఉపయోగపడింది కూడా. ఏరియాన్ 5కు ఆ అవసరమే లేదు. అయినా పాత రాకెట్‌తో సామ్యం కోసం ఆ లెక్కను అలాగే ఉంచారు. ఏరియాన్ 5 అడ్డంగా కదిలే వేగం చాలా ఎక్కువ కావడంతో 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్ల గదిలో పట్టలేదు. ప్రధాన కంప్యూటరూ, తోడుగా పెట్టిన కంప్యూటరూ ఒకే కారణంగా ఆగిపోయాయి.

ఆ నివేదికలో ట్రేసబిలిటీకి సంబంధించిన భాగం మరింత శ్రద్ధగా చదవదగింది. ఇలా పొంగిపొర్లే ప్రమాదం ఏడు చలరాశులకు ఉందని ఇంజనీర్లు ముందే గుర్తించారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం మించకూడదన్న లక్ష్యం ఉండటంతో నాలుగింటికే రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ నిర్ణయం ఒక్కరిది కాదు, పలు కాంట్రాక్టు అంచెల్లో ఉన్న భాగస్వాములు కలిసి తీసుకున్నారు. కానీ అలా ఎందుకు వదిలేశారన్న సమర్థన కోడ్‌లో ఎక్కడా లేదు. గుట్టలుగా ఉన్న పత్రాల మధ్య అది బయటి సమీక్షకుల కంటికి ఆనలేదు. జడత్వ వ్యవస్థ రిక్వైర్‌మెంట్లలో ఏరియాన్ 5 ప్రయాణ మార్గం వివరాలు చేర్చకూడదని కూడా ఉమ్మడిగానే అంగీకరించారు. సరఫరాదారు తనకిచ్చిన స్పెసిఫికేషన్‌కు కట్టుబడే పనిచేశాడు. లంకెలన్నీ గీసి చూసినా ఆ పత్రాల్లో తప్పు కనబడేది కాదు, ఎందుకంటే తప్పు పత్రంలోకి రాని సంగతిలో ఉంది.

మూడేళ్ళ తర్వాత జరిగిన నష్టం దీనికి భిన్నమైనది. నాసా 1998 డిసెంబరు 11న పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి వెనక్కి వెళ్ళి మళ్ళీ కనబడలేదు. నౌకను కట్టింది డెన్వర్‌లోని లాక్‌హీడ్ మార్టిన్, దాని దారి లెక్కగట్టింది కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ. చిన్న థ్రస్టర్లు రగిలిన ప్రతిసారీ ఎంత ప్రేరణ కలిగిందో చెప్పే ఫైలును కాంట్రాక్టర్ భూమి మీది సాఫ్ట్‌వేర్ తయారుచేసి ల్యాబ్‌కు అందించేది. ఆ ఫైలులో అంకెలు న్యూటన్ సెకన్లలో ఉండాలని రెండు సంస్థల మధ్య ఉన్న ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్ చెప్పింది. సాఫ్ట్‌వేర్ మాత్రం పౌండ్ సెకన్లలో ఇచ్చింది. తేడా 4.45 రెట్లు. 226 కిలోమీటర్ల ఎత్తులో సాగవలసిన నౌక 57 కిలోమీటర్ల దగ్గరకు దిగిపోయింది. కనీసం 80 కిలోమీటర్లు ఉంటేనే అది బతికేదని అంచనా.

ఇక్కడ రిక్వైర్‌మెంట్ ఉంది, రాసి ఉంది. అది ఈ కోడ్‌లో అమలైందా, ఏ టెస్టు దాన్ని నిరూపించింది అన్న ప్రశ్నకు లంకె లేదు. ప్రయోగం తర్వాత మొదటి నాలుగు నెలలు ఫైలు ఆకృతిలో తప్పులుండటంతో ల్యాబ్ ఆ వివరాలను కాంట్రాక్టర్ పంపిన ఈమెయిళ్ళ నుంచి తీసుకుంది. దాంతో తేడా బయటపడే అవకాశం ఆలస్యమైంది. ఫైలు సరయ్యాక దారి లెక్కల్లో ఏదో తేడా ఉందని నావిగేషన్ బృందానికి అనుమానం వచ్చినా, అది సంస్థల మధ్య లాంఛనంగా నడిచే సమస్యల నమోదులోకి సరిగా చేరలేదు. గోటెల్, ఫింకెల్‌స్టీన్ చెప్పిన రెండు సగాల్లో ఏరియాన్ రెండోదాని వైపు, మార్స్ నౌక మొదటిదాని వైపు కూలాయి.

ఈ కాలంలోనే సాఫ్ట్‌వేర్ పని సముద్రాలు దాటి భారత్ వైపు మళ్ళింది. టి.సి.ఎస్. 1968లోనే మొదలైనా, తొలి రెండు దశాబ్దాల్లో భారతీయ సంస్థల ఎగుమతి అంటే ఎక్కువగా ప్రోగ్రామర్లను క్లయింటు దగ్గరికి పంపడమే. క్లయింటు పక్క కుర్చీలో కూర్చున్నవాడు సందేహం వస్తే అడిగి తెలుసుకునేవాడు. 1985లో బెంగళూరులో అడుగుపెట్టిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అక్కడి నుంచి ఉపగ్రహ లింకుతో పని మొదలుపెట్టింది. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ అలాంటి లింకులను ఇతర కంపెనీలకూ అందుబాటులోకి తెచ్చింది. అదే ఏడాది హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అమెరికా వ్యవసాయ యంత్రాల సంస్థ డీర్ పని చేపట్టింది. 1998లో హైదరాబాద్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి. క్లయింటు దగ్గర కొద్దిమంది ఆన్‌సైట్ మనుషులు, ఇక్కడ పెద్ద ఆఫ్‌షోర్ బృందం అనే ఏర్పాటు స్థిరపడింది. వినేది ఒకరు, కట్టేది మరొకరు, మధ్యలో పది పన్నెండు గంటల కాలభేదం. ఆన్‌సైట్ అనలిస్టు విన్నదాంట్లో రాసిందే ఆఫ్‌షోర్‌కు చేరేది.

పాత ప్రోగ్రాముల్లోని తేదీలను 2000 సంవత్సరానికి తగ్గట్టు సరిచేసే వై2కె పని ఈ లోటును మరో వైపు నుంచి చూపించింది. దశాబ్దాల కిందట అమెరికా బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో రాసిన కోబాల్ ప్రోగ్రాములకు చాలాచోట్ల రిక్వైర్‌మెంట్ పత్రాలు మిగల్లేదు, రాసినవారు రిటైరయ్యారు. హైదరాబాద్‌లోని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్న యువకులు కోడ్ చదివి, తేదీ ఎక్కడెక్కడ ఎందుకు వాడారో ఊహించుకోవలసి వచ్చింది. కొస నుంచి మొదటికి వెతుక్కుంటూ వెళ్ళే పని అది. ఎంతో ఓపికతో చేసిన ఆ శ్రమకు చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

భారతీయ కంపెనీలు దూరం వల్ల వచ్చే అనుమానాన్ని తీర్చడానికి నాణ్యతా ధ్రువీకరణను ఆశ్రయించాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన సి.ఎం.ఎం. నమూనాలో రెండో లెవెల్‌కే రిక్వైర్‌మెంట్ల నిర్వహణ, సబ్‌కాంట్రాక్టుల నిర్వహణ తప్పనిసరి అంశాలు. అసలు అది అమెరికా రక్షణ శాఖ తన కాంట్రాక్టర్లను అంచనా కట్టడానికి పుట్టిన నమూనా. 1993లో బెంగళూరులోని మోటరోలా కేంద్రం అత్యున్నతమైన ఐదో లెవెల్ అందుకుంది. పదేళ్ళు తిరిగేసరికి ఆ లెవెల్ ఉన్న సంస్థల్లో పెద్ద వాటా భారత్‌దే. 2000లో దాని తర్వాతి రూపంగా వచ్చిన సి.ఎం.ఎం.ఐ. రిక్వైర్‌మెంట్లకు రెండు వైపులా ట్రేసబిలిటీ ఉండాలని స్పష్టంగా కోరింది. దాంతో ఆర్.టి.ఎం. (రిక్వైర్‌మెంట్ ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్) అనే మూడక్షరాలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో రోజువారీ మాటలయ్యాయి. సాధారణంగా అదొక ఎక్సెల్ షీటు: ఎడమ వైపు రిక్వైర్‌మెంట్ ఐ.డి., తర్వాత డిజైన్ సెక్షన్, ప్రోగ్రాం పేరు, టెస్ట్ కేసు నంబరు.

ఆ షీటు నాణ్యత కోసమే పుట్టినా, డబ్బు లెక్కలోకి అడుగుపెట్టాక దాని స్వభావం మారింది. మొత్తం పనికి ఒకే ధర కుదుర్చుకున్న ప్రాజెక్టుల్లో క్లయింటు చివర్లో ఫలానాది పనిచెయ్యడం లేదంటే, అది డిఫెక్టా, చేంజ్ రిక్వెస్టా అన్న వాదన వస్తుంది. డిఫెక్ట్ అయితే సొంత ఖర్చుతో సరిచెయ్యాలి, చేంజ్ రిక్వెస్ట్ అయితే బిల్లు వెయ్యవచ్చు. అడిగినది ఇద్దరూ ఒప్పుకుని ఖాయం చేసిన రిక్వైర్‌మెంట్ల జాబితాలోని ఏదైనా ఐ.డి.కి తగిలిందా లేదా అన్నదే తీర్పు. అందువల్ల కట్టే సంస్థకు వాక్యాలను బిగించి రాసుకోవడంలో, రాయించుకునే సంస్థకు వాటిని కాస్త వదులుగా ఉంచడంలో ప్రయోజనం ఏర్పడింది. కారణాన్ని విడమరిచి రాయడానికి ఇద్దరికీ ఉత్సాహం ఉండదు. కారణం రాస్తే అది ఇంకొంత పనిని అడగడానికి ఆధారం కావచ్చని ఒకరి భయం, తమ వ్యాపార రహస్యం బయటపడుతుందని ఇంకొకరి భయం. ఆడిట్ దగ్గరపడ్డాక వెనక్కి తిరిగి నింపిన మ్యాట్రిక్సులు కూడా ఈ పరిస్థితిలోంచి వచ్చినవే. బాలసుబ్రమణ్యం రమేష్, మాథియాస్ యార్కే 26 సంస్థలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనం వాడకందార్లను రెండు రకాలుగా చూసింది. కాంట్రాక్టు అడిగింది కాబట్టి లంకెలు గీసేవారు ఒక రకం, నిర్ణయాలనూ వాటి హేతువులనూ కూడా పట్టి ఉంచేవారు రెండో రకం.

హద్దు దాటే పనికే ప్రత్యేకంగా ఒక పరిష్కారం వెతికింది జర్మనీ మోటారు పరిశ్రమ. అక్కడ కొనేవారు తమకేం కావాలో లాస్టెన్‌హెఫ్ట్ అనే పత్రంలో రాస్తారు, సరఫరాదారు దాన్ని ఎలా నెరవేరుస్తాడో ప్ఫ్లిష్టెన్‌హెఫ్ట్ అనే పత్రంలో జవాబిస్తాడు. ఒక కారులో పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు, ఒక్కోదానికి ఒక్కో సరఫరాదారు. ఇద్దరి దగ్గరా డోర్స్ ఉన్నా, ఒకరి డేటాబేసులోకి మరొకరిని రానివ్వరు. వర్డ్ ఫైళ్ళుగా మార్చి పంపితే గుర్తింపు సంఖ్యలు, లంకెలు రాలిపోయేవి. జర్మన్ కార్ల కంపెనీల కూటమి హిస్ 2004లో రిఫ్ అనే ఉమ్మడి మార్పిడి ఆకృతిని నిర్వచించింది. అది 2011లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ ప్రమాణమై రెక్‌ఇఫ్ అనే పేరు తెచ్చుకుంది. కొనేవారు పంపిన ప్రతి వాక్యం తన శాశ్వత గుర్తింపుతో వెళ్తుంది. సరఫరాదారు దాని పక్కన ఒప్పుకున్నాం, కుదరదు, వివరణ కావాలి అని రాసి తిప్పి పంపుతాడు. వచ్చినదాన్ని కొనేవారి డేటాబేసు పాత వాక్యానికే అతికించుకుంటుంది. ఇది నిజమైన ముందడుగు. అయితే బయటికి పంపేముందు అంతర్గత వ్యాఖ్యలున్న గళ్ళను తీసేసే వీలు కూడా ఉంది. కారణాలు తరచుగా ఉండేది ఆ గళ్ళలోనే.

తెగిన లంకెలను పదాల పోలికను బట్టి యంత్రంతో తిరిగి కనిపెట్టించే ప్రయత్నాలు 2000 తర్వాత ఊపందుకున్నాయి. 2002లో జూలియానో ఆంటొనియోల్ బృందం పత్రాలకూ కోడ్‌కూ మధ్య లంకెలను సమాచార శోధన పద్ధతులతో వెలికితీసింది. 2020 నాటికి చైనీస్, ఇంగ్లీషు కలిసిన ప్రాజెక్టుల్లో కూడా లంకెలు వెతకడం మీద పరిశోధన వచ్చింది. రెండు భాషల సంస్థలు కలిసి పనిచేసేచోట అది అవసరమే. పనిని చిన్న విడతలుగా చేసే ఆజైల్ పద్ధతులు వ్యాపించాక పెద్ద పత్రాల స్థానంలో యూజర్ స్టోరీలు, జీరా వంటి సాధనాల్లో నమోదు చేసే టికెట్లు వచ్చాయి. ఫలానా వాడకందారుకు ఫలానా ప్రయోజనం కోసం అని చెప్పే స్టోరీ వాక్యంలో కారణానికి ఒక చోటు దొరికింది. కానీ క్లయింటు టికెట్లూ వెండర్ టికెట్లూ వేర్వేరు సర్వర్లలో ఉన్నప్పుడు రెంటినీ చేత్తో జత చెయ్యడం మళ్ళీ మొదటికొచ్చింది. జర్మనీలోని ఇల్మెనావు సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో సంస్థల హద్దులు దాటే ట్రేసబిలిటీ మీద వచ్చిన సాహిత్యాన్ని సమీక్షించి వర్గీకరించారు. సాధనాల తేడాలతో పాటు సంస్థల నేపథ్యాల తేడా, ప్రయోజనాల ఘర్షణ, అవతలివారి పత్రాలు అందకపోవడం కూడా చిక్కులేనని ఆ రంగంలో గుర్తింపు వచ్చింది.

భద్రతే ప్రధానమైన రంగాలు ఈ చిక్కును ఒప్పంద దశలోనే పట్టుకోవాలని చూస్తున్నాయి. కార్ల ఎలక్ట్రానిక్స్ భద్రతకు 2011లో వచ్చి 2018లో సవరణ పొందిన ఐ.ఎస్.ఓ. 26262 ప్రమాణం, పని పంచుకున్న సంస్థల మధ్య డెవలప్‌మెంట్ ఇంటర్‌ఫేస్ ఒప్పందం ఉండాలంటుంది. ఏ పని ఎవరిది, ఏ పత్రం ఎవరు ఎవరికి అందించాలి, భద్రతకు సంబంధించిన సంగతి తెలిస్తే ఎవరికి చెప్పాలి అన్నవి అందులో ముందే రాసుకోవాలి. సరఫరాదారు తాను నిర్మించే భాగం గురించి చేసుకున్న ఊహలను కొనేవారి ముందు పెట్టడం, అవి నిజమో కాదో కొనేవారు చూడటం ఆ ప్రమాణం కోరే క్రమంలో భాగం. ఏరియాన్ నివేదిక 1996లో ఎత్తిచూపిన లోటుకు ఒక పరిశ్రమ ప్రమాణ రూపంలో ఇచ్చిన జవాబు అది.